ఆరకముందే తీసిన ఫిల్టర్

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగానే ఉన్నాను. ఇది చదువుతూ ఎవరూ కొంగుతో కళ్లు ఒత్తుకోవాల్సిన పని లేదు. ఈ పొద్దున కూడా రెండు జాకెట్లు కత్తిరించి, ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి పోయి వచ్చాను. మెట్ల మధ్యలో ఎక్కడా ఆగలేదు.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఆ వానాకాలం గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. రాసి పక్కన పెడితే కొంత నిమ్మళంగా ఉంటుందని ఆశ. పైగా నన్ను పడగొట్టిన వస్తువు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరక్కుండా ఉంటే అదే పదివేలు.

ఎండాకాలం చివర

నల్లగొండలో పానగల్ వైపు పోయే రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగితే మా సందు. ఇంటి ముందు గదే నా దుకాణం. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్సు, పికో, బడులు తెరిచే ముందు పిల్లల యూనిఫాంలు కుడతాను. పెళ్లికి ముందు అచ్చంపేటలో మా అమ్మగారి పక్కింట్లో, తొక్కుడు మిషన్ మీద నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు నాకు మోటార్ మిషన్ ఉంది. అది దుకాణంలోకి వచ్చిన రోజు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. ఆ తర్వాత ఇంకెవరినీ దాన్ని ముట్టనివ్వలేదు. మా ఆయన యాదగిరికి ట్రాలీ ఆటో ఉంది, నార్కట్‌పల్లి దాకా సామాన్లు వేస్తాడు. ఆయన ఆటోను ఎంత ముద్దు చేస్తాడో నేను నా మిషన్‌ను అంతకంటే ఎక్కువ ముద్దు చేస్తాను.

బట్ట కత్తిరిస్తే నూగు రాలుతుంది. మిషన్ కింద, బాబిన్ పెట్టే సందులో, ఫ్యాను రెక్కల మీద, ఎక్కడ చూసినా అదే. చీపురుతో ఊడిస్తే లేస్తుంది, నేను కూర్చోగానే అదీ వచ్చి నా మీద కూర్చుంటుంది. నా గొణుగుడు వినలేక మా ఆయన హైదరాబాద్ నుంచి ఒక చిన్న వాక్యూమ్ క్లీనర్ తెచ్చాడు. చేత్తో పట్టుకుని స్విచ్ నొక్కితే బుర్రుమని నూగంతా లోపలికి గుంజుకుంటుంది. లోపల ఒక డబ్బా, అందులో మడతలు మడతలుగా అరచేతంత తెల్లని గుడ్డ ఫిల్టర్. దాన్ని కడిగి మళ్లీ వాడుకోవచ్చని అట్టపెట్టె మీద నల్లా కింద పట్టిన బొమ్మ వేసి ఉంది.

ఆ బొమ్మ చాలు మా అత్తమ్మకు. ఆమె పేరు నర్సమ్మ. ఇంట్లో కడగనిది ఏదైనా ఉంటే ఆమెకు అన్నం సయించదు. మొదటి రోజే ఆ ఫిల్టర్ ఊడదీసి చూసి, "గింత మురికి తిన్నదాన్ని కడగకుంట ఎట్ల పెడ్తరు లలితా? తిన్న కంచం గట్లనే బోర్లిస్తమా?" అంది.

అప్పటినుంచి అది ఆమె పని. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక సబ్బు పెట్టి, బ్రష్షుతో రుద్ది, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసేది. పొద్దుగూకే వేళకు తీసి, మళ్లీ మిషన్‌లో బిగించి, టక్కున మూత వేసేది. ఉతికిన గుడ్డ దీపాలు పెట్టే వేళ దాటి ఇంటి బయట ఉండకూడదన్నది ఆమె పట్టింపు. చంటిపిల్లల బట్టలకు పెట్టుకున్న నియమం ఇంట్లో ప్రతి గుడ్డకూ పాకింది. ఆరిందా లేదా అన్నది తర్వాతి మాట, ముందు దండెం ఖాళీ కావాలి. ఎండాకాలంలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. నల్లగొండ ఎండకు దుప్పటే గంటలో ఆరుతుంది, అరచేతంత గుడ్డ ఎంత.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని మా ఇంట్లో ఎవరూ ఫిల్టర్ అని పిలవలేదు. అత్తమ్మ దానికి జల్లెడ అని పేరు పెట్టింది, మాకూ అదే నోటికి పట్టింది. మా జిల్లాలో ఫిల్టర్ అంటే తాగే నీళ్లు. బోరు నీళ్లతో పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన వాళ్లను చూస్తూ పెరిగిన ఊళ్లు మావి. పొద్దున లేచి ప్లాంటు నుంచి డబ్బా నింపుకుని రావడాన్ని "ఫిల్టర్ తెచ్చుడు" అంటాం. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నా అత్తమ్మకు ఆ ఫిల్టర్ మీదే నమ్మకం.

తొలకరి

వానలు పడ్డాక యూనిఫాంల పని ముమ్మరంగా ఉన్నప్పుడే దగ్గు మొదలైంది. మొదట్లో పట్టించుకోలేదు. జలుబు అనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, వాము ఆవిరి పట్టాను. వారం పోయాక దగ్గుతో పాటు ఛాతీలో బిగుతు వచ్చింది. జాకెట్ ఒక సైజు తక్కువ కుట్టి, అది నాకే తొడిగి, హుక్కులన్నీ పెట్టేసినట్టు ఉండేది. గాలి లోపలికి పోయేది కానీ బయటికి రావడానికి మొరాయించేది, వచ్చేటప్పుడు సన్నగా కూత వేసేది.

మా ఆయన ఆ కూత విని, "ఎవరో ఈల ఏస్తున్నరు" అని తలుపు తీసి సందులోకి చూశాడు. నేను నవ్వబోయి దగ్గాను, దగ్గి దగ్గి గోడ పట్టుకుని కూర్చున్నాను. ఆయన ముఖంలో భయం మొదటిసారి అప్పుడు చూశాను.

"దమ్ము," అంది అత్తమ్మ. మా దగ్గర ఆయాసాన్ని అలాగే అంటారు. "బట్టల దుమ్మే. నేను ముందునుంచి అంటనే ఉన్న."

ఆమె ముందునుంచి ఏమీ అనలేదు, కానీ వాదించడానికి నాకు ఊపిరి లేదు. బట్టల దుమ్మే అయితే దాన్ని ఇంట్లో ఉంచకూడదని ఆ వాక్యూమ్ మిషన్ ఇంకా గట్టిగా పట్టుకుంది. దుకాణం, పడకగది, నా పరుపు, తల కింద పెట్టుకునే నా మెత్త. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముసురు పట్టిన రోజుల్లో కూడా ఫిల్టర్ కడగడం మానలేదు, పొద్దుగూకే వేళకు తీసి బిగించడమూ మానలేదు.

శ్రావణం

శ్రావణం అంటే నాకు పండగ సీజన్. పెళ్లిళ్లు, వ్రతాలు, పట్టుచీరల మీదికి జాకెట్లు. అలాంటి నెలలో నేను దవాఖాన బల్ల మీద కూర్చున్నాను.

దమ్ము డాక్టరు దగ్గర వెయిటింగ్ హాల్లో అందరూ ఒకే పని చేస్తుంటారు, గాలి పీల్చడం. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఒకరు దగ్గితే ఇంకొకరికి దగ్గొస్తుంది. గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ ఉంది, దాన్ని చూడకూడదనుకుంటూనే చూస్తాం. నా పక్కన పానగల్ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, ఆమె పెనిమిటి ఉన్నారు. ఆమె నన్ను చాలాసేపు చూసి, తన టోకెన్ నా చేతిలో పెట్టింది.

"మా ముసలాయనకు కూసుంటె జర నిమ్మలమైతది. నీకు కూసున్నా నిమ్మలమైతలేదు. నువ్వు పో బిడ్డా ముంగట."

వద్దన్నాను. "నీకు మాట్లాడనీకి దమ్ము లేదు, ఇగ కొట్లాడుతవా?" అంది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఎక్కడున్నా ఆమె చల్లగా ఉండాలి.

డాక్టరు మంచివాడే, కానీ బయట అంతమంది ఉన్నారు. నా పని ఏమిటని అడిగాడు. చెప్పగానే ఆయనకు జవాబు దొరికినట్టే తలూపాడు. ఇంట్లో దుమ్ము ఎలా తీస్తారని అడిగితే మా ఆయన "చిన్న మిషన్ ఉన్నది సార్" అన్నాడు. ఆ లోపు నర్సు వచ్చి సంతకం కోసం ఏదో కాగితం ముందు పెట్టింది. డాక్టరు సంతకం పెడుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఫిల్టర్ శుభ్రంగా ఉంటుందా?"

మేమిద్దరం నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "దినాం సారూ. ఒక్క రోజు తప్పది. ఫిల్టర్ కాడ మా ఇంట్ల పొరపాటు జరగది."

"గుడ్," అన్నాడు డాక్టరు.

ఆయన అడిగింది దుమ్ము మిషన్ గురించి. ఆమె చెప్పింది నీళ్ల డబ్బా గురించి. ఇద్దరూ తృప్తిపడ్డారు. మధ్యలో నేను కూడా తృప్తిపడ్డాను, ఎందుకంటే మా ఇంటి నీళ్లు నిజంగానే మంచివి.

పీల్చే మందు రాసి, "బట్టల నూగు మీకు పడట్లేదు. కొంతకాలం కుట్టుపని ఆపండి" అన్నాడు. కొంతకాలం అంటే ఎంతని అడిగాను. చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అన్న మాట నాకు ఛాతీలో బిగుతు కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

భాద్రపదం

దుకాణం మూసేశాం. కత్తిరించి ఉన్న బట్టలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. కుట్టకుండా ముక్కలు వాపసు ఇవ్వడం నా జీవితంలో అదే మొదటిసారి. మోటార్ మిషన్ మీద పాత దుప్పటి కప్పారు. మంచం మీది నుంచి చూస్తే ఆ దుప్పటి కింద ఎవరో మనిషి వంగి కూర్చున్నట్టు ఉండేది, అందుకని అటు తిరిగి పడుకునేదాన్ని కాదు.

చచ్చిపోతానేమోనని భయపడ్డానా అంటే, భయపడ్డాను. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. బతికి ఉండి కుట్టకుండా ఉండాల్సి వస్తే ఏం చేయాలి? సందులో నన్ను లలిత అని పిలిచేవాళ్లు తక్కువ. 'మిషన్ లలిత' అంటారు. మిషన్ పోతే మిగిలేది సగం పేరే.

పని మానేస్తే తగ్గాలి. తగ్గలేదు. ఇంట్లో చిరాకు పెరిగింది. పీల్చే మందు అలవాటు పడుతుందని, ఒకసారి పట్టుకుంటే చచ్చేదాకా వదలదని పక్కింటావిడ అత్తమ్మకు చెప్పింది. అత్తమ్మ దాన్ని తీసుకుపోయి దేవుడి పటాల వెనక పెట్టింది. నాకు దమ్ము వచ్చినప్పుడు మా ఆయన ఇల్లంతా వెతికాడు.

"ఏడ పెట్టినవే అమ్మా?"

"దేవుని కాడ ఉన్నది. మరీ పానం మీదికొస్తె తీద్దామని."

"పానం మీదికి రావొద్దనే గదనే మందు ఇచ్చింది."

తల్లి మీద ఆయన గొంతు లేవడం నేను అంతకుముందు వినలేదు. రెండు రోజులు వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. నేను మధ్యలో కూర్చుని ఇద్దరికీ అన్నం వడ్డించాను, ఇద్దరూ నాతోనే ఒకరి మాటలు ఒకరికి చెప్పించారు. నాకు ఆయాసం ఉందన్న సంగతి ఆ కోపంలో ఇద్దరూ మర్చిపోయారు. మూడో రోజు నేనే అన్నాను, "ఇగ మీరిద్దరు ఫోన్లు కొనుక్కోండ్రి, నాకు దమ్ము సాలుతలేదు." అప్పుడు నవ్వారు. మందు నా దిండు పక్కకు వచ్చింది. ఇది చదివేవాళ్లలో ఎవరి ఇంట్లోనైనా పీల్చే మందు దేవుడి దగ్గర ఉంటే, దయచేసి మనిషి దగ్గర పెట్టండి.

ఆ వారమే మిషన్ అమ్మే మాట వచ్చింది. నార్కట్‌పల్లిలో ఒకాయన కొత్తగా దుకాణం పెడుతున్నాడని, మోటార్ మిషన్ కావాలని అడిగాడని మా ఆయన చెప్పాడు. దసరా పోయాక వచ్చి తీసుకుపోతానన్నాడట.

"అది కండ్ల ముంగట ఉన్నన్ని రోజులు లలితకు పానం గుంజుతనే ఉంటది. లేకుంటె అటు మర్లది," అంది అత్తమ్మ, నేను నిద్రపోయాననుకుని. ఆమె అన్నది నా మేలుకే. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఏడిస్తే దగ్గొస్తుంది, దగ్గితే దొరికిపోతాను, అందుకని అది కూడా పొదుపుగా ఏడ్చాను.

సరేనని తలూపాను. మా ఆయన నార్కట్‌పల్లి ఆయనకు ఫోన్ చేసి రమ్మన్నాడు.

బతుకమ్మ పండక్కి

మా అమ్మ అచ్చంపేట నుంచి ఫోన్ చేసి, "పండుగకు తోలియ్యి అల్లుడా, పది దినాలు నా కండ్ల ముంగట ఉంటది" అంది. దేవరకొండ మీదుగా బస్సులో వెళ్లాను, కిటికీ పక్కన మఫ్లర్ చుట్టుకుని.

ఇంటికి పోయేసరికి ముందు గది నిండా పత్తి. మొదటి తీతలది, ఇంకా అమ్మలేదు. మనిషెత్తు కుప్ప. మా తమ్ముడు నన్ను చూసి గాబరాపడి పరదా అడ్డం కట్టాడు. పరదా ఎంత ఆపుతుంది? నూగు పడదన్న మనిషికి పత్తికుప్ప పక్కనే పక్క వేశారు, వేరే జాగా లేక. మందు గుప్పిట్లో పట్టుకుని పడుకున్నాను.

పొద్దున లేచాక చాలాసేపటికి గుర్తొచ్చింది, నేను దగ్గలేదని.

మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. పూలు కోసుకొచ్చి అమ్మతో కలిసి బతుకమ్మ పేర్చాను. ఆడవాళ్లతో చప్పట్లు కొడుతూ తిరిగాను, పాట మధ్యలో ఊపిరి తెగలేదు. అమ్మ నన్ను చూస్తూ ఆడడం మర్చిపోయింది. పక్కింట్లో నేను పని నేర్చుకున్న తొక్కుడు మిషన్ ఇంకా ఉంది. వద్దని అందరూ అంటుండగానే దాని మీద కూర్చుని మా మరదలికి ఒక జాకెట్ కుట్టాను. ఒళ్లంతా నూగు. ఛాతీ మాత్రం హాయిగా ఉంది.

అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. నూగు నన్ను ఏమీ చేయట్లేదు. మరి చేసేదెవరు?

దసరా తర్వాత

నల్లగొండలో మధ్యాహ్నం దిగాను. దుకాణం మూసే ఉంది, నూగన్నది లేదు. అత్తమ్మ నన్ను చూసి సంబరపడి, "జర ఆగు, పరుపు మీద దుమ్మున్నది, తీసి పండవెడ్త" అంటూ వాక్యూమ్ మిషన్ తెచ్చింది. పరుపంతా, మెత్త రెండు వైపులా శ్రద్ధగా తిప్పింది. నేను పక్కనే నిలబడి అచ్చంపేట కబుర్లు చెబుతున్నాను. మాట మధ్యలో గొంతు గీరుకుంది. టీ తాగేలోపు ఛాతీ బిగిసింది, ఆ పాత కూత మళ్లీ మొదలైంది.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. "పొయ్యిన కాడ మంచిగుండి ఇంటికి రాంగనే ఏందిది?"

మందు పీల్చి కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి ఆ మిషన్ చేతిలోకి తీసుకున్నాను. స్విచ్ నొక్కి, వెనక నుంచి గాలి వచ్చే సందుల దగ్గర, దూరంగా పట్టి వాసన చూశాను. వానాకాలంలో తడిబట్టలు మూటగట్టి మర్చిపోతే వచ్చే వాసన. మూత తీశాను. మడతల మధ్య నల్లని చుక్కలు, లోపలి అంచున పచ్చటి నూగు లాంటి బూజు. వేలితో తాకితే ఇంకా తడిగానే ఉంది. అంటే ఇన్ని రోజులుగా ఆ మిషన్ ముందు నుంచి దుమ్ము తీసుకుని, వెనక నుంచి బూజు నా మెత్త మీద ఊదుతోంది.

అర్థమైన ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, పట్టరాని సంతోషం. నా శత్రువు నా పని కాదు. ఇంత చిన్న గుడ్డ. దీన్ని నేను ఓడించగలను.

మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి పోయాం. మిషన్‌ను పాలిథిన్ సంచిలో మూతి కట్టి తీసుకుపోయాను. ఆయన సంచిలోంచే చూసి, అచ్చంపేట సంగతి అంతా విని, అత్తమ్మ వైపు తిరిగాడు.

"మొదటిసారే నేను ఫిల్టర్ గురించి అడిగానమ్మా."

"నీళ్ల ఫిల్టర్ అనుకున్న సారూ," అంది అత్తమ్మ చిన్న గొంతుతో. "ఇది జల్లెడ గద."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏ ఫిల్టర్ అని నేను అడగాల్సింది. ఈ ఊళ్లో ఆ మాటకు అర్థం వేరని నాకు తెలిసి ఉండాలి."

బూజు వల్లే అయ్యే అవకాశం ఎక్కువని, ఆ ఫిల్టర్ పారేసి, పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతికి, మందు మాత్రం మానకుండా వాడమని చెప్పాడు. తగ్గుతూ వస్తే మెల్లగా కుట్టుపని మొదలుపెట్టవచ్చన్నాడు. నేను ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆటో గడియారం సెంటర్ దాటింది. అత్తమ్మ తన చేతులు చూసుకుంటూ అంది, "గీ చేతులతోనే నీకు విషం పెట్టినట్టయింది గద బిడ్డా."

కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది, ఆమె మీదే వచ్చింది. నా శ్రావణం, నా దుకాణం, నా నిద్రలు. కానీ నేనూ ఆ చేతులే చూశాను. సబ్బులో నాని నాని వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి. ఆ పగుళ్లు నా కోసం రుద్దిన రుద్దుడువి.

"విషమైతే ఎప్పుడో పోదును అత్తమ్మా. ఇన్ని నెలలు పట్టింది. నీకు గది సుత సక్కగ చేతకాలే," అన్నాను.

మా ఆయన ఆటో పక్కకు ఆపి మరీ నవ్వాడు. అత్తమ్మ నా తొడ మీద ఒక్కటి వేసి, ఆ చేత్తోనే కొంగు తీసుకుని ముఖం కప్పుకుంది. ఆమె ఏడుపు ఆగేదాకా ఆటో కదలలేదు.

ఆ పని ఆమె చేతిలోంచి తీసేయాలని మా ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకేలాంటివి రెండు కొత్త ఫిల్టర్లు తెప్పించి ఆమె చేతికే ఇచ్చాను. ఇప్పుడు ఆమె చేసే పద్ధతి రాస్తాను, పనికొచ్చేవాళ్లు పట్టుకోండి. ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట డబ్బా దులిపి, ఫిల్టర్‌ను మెల్లగా తడుతుంది. సబ్బు లేదు, బ్రష్షు లేదు, వట్టి నీళ్ల కింద తేటనీళ్లు వచ్చేదాకా పట్టి ఉంచుతుంది. పిండదు, విదిలిస్తుంది. డబ్బాను కూడా పొడిగుడ్డతో తుడిచి మూత తీసి ఉంచుతుంది. రోజూ కడగదు, మురికి పట్టినప్పుడే. అది ఆరే లోపు రెండోది వాడతాం. కనీసం ఒక పగలూ ఒక రాత్రీ గాలికి ఉండాలి, ముసురైతే ఇంకా ఎక్కువ. చేతికి ఆరినట్టు అనిపించినా చెంపకు ఆనించి చూస్తే తడి తెలిసిపోతుంది.

అసలు చిక్కు ఆ రాత్రి దగ్గర వచ్చింది. దీపం పెట్టాక ఉతికిన గుడ్డ బయట ఉంచాలంటే అత్తమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను బలవంతం చేయలేదు. ఆమె రెండు రోజులు ఆలోచించి, దుకాణం కిటికీ లోపలివైపు ఒక మేకు కొట్టించి దానికి వేలాడదీసింది. "ఇంట్లనే ఉన్నది గద, బయట ఉన్నట్టు కాదు. గాలి సుత తల్గుతది," అంది. ఆమె పట్టింపు నిలిచింది, నా ఊపిరీ నిలిచింది.

పోయిన నెల ఒక ఫిల్టర్ మడత దగ్గర చిరిగింది. కుట్టు మనిషిని కదా, సూదిలో దారం ఎక్కించాను. అత్తమ్మ లాక్కుని చెత్తడబ్బాలో వేసింది. సూది పోయిన కంతలోంచి కూడా దుమ్ము పోతుందట. ఆమె చెప్పింది నిజమే. చిరిగినా, ఆరాక కూడా వాసన వస్తున్నా, పాతదాని మీద ఆశ చంపుకుని కొత్తది వేసుకోవడమే.

కార్తీకం

మెల్లగా తగ్గింది. ఒక్క రోజులో జరిగిన మాయ ఏమీ లేదు. దీపావళికి కూత పోయింది, మరికొన్ని రోజులకు మెట్ల మీద ఆగడం పోయింది. పీల్చే మందు ఇప్పటికీ డాక్టరు చెప్పినట్టే వాడుతున్నాను, సిగ్గేమీ లేదు. ఒక సోమవారం పొద్దున మిషన్ మీది దుప్పటి నేనే తీశాను. నూనె వేశాను. మొదట ఒక్క ఫాలు కుట్టి ఆపాను, మర్నాడు రెండు కుట్టాను. అత్తమ్మ వంటింట్లోంచి మాటిమాటికీ తొంగి చూసి, నా ఊపిరి చప్పుడు విని పోయేది.

ఈ హడావుడిలో నార్కట్‌పల్లి ఆయనకు రావద్దని చెప్పడం మా ఆయన మర్చేపోయాడు. ఒక మధ్యాహ్నం ఆయన ట్రాలీ మాట్లాడుకుని, తాడు కూడా వెంట తెచ్చుకుని మా గడపలో నిలబడ్డాడు. మా ఆయన కిరాయి మీద పోయి ఉన్నాడు. నేను పట్టుజాకెట్‌కు చెయ్యి అతుకుతున్నాను, చంక దగ్గర.

 మాట ఇచ్చింది మేమే. అమ్మేద్దామన్నది అత్తమ్మే. ఆమె ఇప్పటికీ లోపల ఏమనుకుంటోందో, మళ్లీ దమ్ము వస్తే ఎలా అని ఎంత భయపడుతోందో నాకు తెలియదు. అడగడానికి నాకూ ధైర్యం లేకపోయింది.

అత్తమ్మ ఆయనకు చెంబుతో నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది.

"మిషన్ కోసం వచ్చినమ్మా."

"అమ్మెటిది లేదు నాయినా."

"రమ్మంటెనే వచ్చిన గద. మీ కొడుకే ఫోన్ జేసిండు."

"రమ్మన్నప్పుడు మా కోడలు పండుకోని ఉండె," అంది అత్తమ్మ. "ఇప్పుడు కూసున్నది. కనవడ్తలేదా?"

ఆయన నావైపు చూసినట్టు తెలుస్తూనే ఉంది.  కళ్ల ముందు గుడ్డ అలికినట్టయింది. చంక దగ్గర కుట్టు మధ్యలో ఆపితే వంకర పోతుంది. నేను తలెత్తలేదు, పాదం తీయలేదు, గుండ్రంగా తిప్పుకుంటూ చెయ్యి చివరిదాకా కుట్టాను.